శామీర్‌పేటలో పూలు తెంపిన శనివారం

పూలు చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళానంటే మా కడియంలో ఇప్పటికీ నవ్వుతున్నారు. నవ్వరూ మరి? గుమ్మం దిగితే మొక్కలు, పెరట్లో మొక్కలు, రోడ్డు మీద లారీల్లో మొక్కలు. ముప్పయ్యేళ్ళుగా మా నర్సరీలో అంట్లు కట్టడం, మొగ్గలు గిల్లడం నా పని. బేరాలు మా ఆయన చూసుకుంటారు, మొక్కల్ని నేను చూసుకుంటాను. అలాంటిదాన్ని, శామీర్‌పేట దగ్గర ఏటా వసంతంలో పూలతోట పండుగ పెడతారని, ఉగాది దాకా జనం విరగబడి చూస్తారని మా పిన్ని కూతురు వరలక్ష్మి ఫోనులో చెప్పగానే బట్టలు సర్దుకున్నాను. వరలక్ష్మి కాపురం హైదరాబాదు శివార్లలో, కౌకూర్‌లో. దాన్ని చూసినట్టూ ఉంటుంది, పూల గురించి నాకు తెలియనిది ఆ తోటవాళ్ళకేం తెలుసో తేల్చుకున్నట్టూ ఉంటుందనుకున్నాను. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, నేను వెళ్ళింది తప్పులు పట్టడానికే.

మేడ్చల్లో దిగాను

గురువారం పొద్దున వరలక్ష్మి తోడు వస్తానంది. అక్కర్లేదన్నాను. ఏ బస్సెక్కాలో ఎక్కడ దిగాలో కాగితం మీద రాసిచ్చింది. కాగితం సంచిలో భద్రంగా పెట్టుకుని, ముందొచ్చిన బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఆకు లేకుండా ఎర్రగా పూసిన మోదుగ చెట్లు చూసుకుంటూ దర్జాగా మేడ్చల్లో దిగాను. టీకొట్టాయనని శామీర్‌పేట ఎటని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు.

"శామీర్‌పేటకు పోవాల్నంటే మేడ్చల్ల దిగినవేందమ్మా?" అన్నాడు.

మేడ్చల్ కూడా చూద్దామని దిగానన్నాను. ఆయన నమ్మలేదు కానీ చాయ్ మాత్రం మంచిది పోశాడు. పదిహేను రూపాయలు. పాలు బాగా మరిగి, చక్కెర పెదవులకు అంటుకునేట్టు ఉంది. మా గోదావరి పక్క టీకి నీళ్ళ చెలిమి ఎక్కువని అక్కడే ఒప్పుకున్నాను.

ఇక్కడ ఎవరూ ఎవరినీ అండీ అనరు. పరిచయం లేకపోయినా నువ్వు అనే పిలుస్తారు. మొదటి గంట చివుక్కుమంది. రెండో గంటకల్లా ఏదో మేనత్త ఇంటికి వచ్చినట్టు అనిపించింది. షేర్ ఆటో డ్రైవరుకు చెవుల వెనక ఇంకా గులాబి రంగు ఉంది. నిన్ననే హోలీ అయింది. అతను అమ్మా, నువ్వు ఇటు జరుగు అంటే జరిగాను.

రావల్కోల్ వెళ్ళే అడ్డరోడ్డు దగ్గర ఒకావిడ ఎక్కింది. యాభై దాటి ఉంటాయి. సన్నగా, నల్లగా, తలకు తువాలు, చేతిలో అన్నం డబ్బా. వేళ్ళ కొసలు పసుపు తిరిగి ఉన్నాయి. అది వంటింటి పసుపు కాదని చూడగానే తెలిసింది. ఏళ్ళ తరబడి బంతిపూలు తెంపినవాళ్ళ వేళ్ళు అలా అవుతాయి. పేరు బాలమణి. నేను వెళ్ళే తోటలోనే పనిచేస్తుందట. పూల పండుగ చూడ్డానికి కడియం నుంచి వచ్చానంటే నోరు తెరిచింది.

"మీ ఊళ్ళె పూలు లేవా అక్క?" అంది.

దానికి జవాబు చెప్పడానికి శామీర్‌పేట దాకా పట్టింది.

ముట్టరాదు

టిక్కెట్టు నూటయాభై. లోపల అడుగు పెట్టగానే పూల కమాను, పూలతో కట్టిన నెమలి, పూల గడియారం. పిటూనియాలు, సాల్వియాలు, డాలియాలు. రంగుకి రంగు ఎక్కడా తగ్గలేదు. వంకలు పెట్టడానికి వచ్చినదాన్ని, ఆ డాలియాల ముందు కాసేపు నోరు మూసుకుని నిలబడ్డాను. మా దగ్గర ఆ పరిమాణం రాదు. గాలిలో తేమ ఎక్కువ, రాదు.

అయితే పది అడుగులకో బోర్డు. పూలను ముట్టరాదు. పూలను తెంపరాదు. జనం ఫొటోలు తీసుకోవడం, పక్క మడి దగ్గరకు పోవడం. ఒక పెద్దావిడ గులాబీని వాసన చూడబోతే కాపలావాడు ఈల ఊదాడు. పాపం ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నడిచింది.

పనివాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో మడి అప్పగించారు. బాలమణిది గేటు దాటగానే ఉన్న పెద్ద గుండ్రటి మడి, నారింజ రంగు బంతి. వచ్చినవాళ్ళందరి మొదటి ఫొటో అక్కడే. దగ్గరికి వెళ్ళి చూస్తే సగం పూలు ముదిరి ఉన్నాయి. రెక్కల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. బాలమణి రాలిన రెక్కలు ఏరి కొంగులో వేసుకుంటోంది.

నా నోరు ఊరుకుంటుందా? అక్కడే పాఠం మొదలుపెట్టాను. ముదిరిన పువ్వును మొక్క మీద ఉంచితే మొక్క బలమంతా విత్తనానికి పోతుంది, విచ్చిన పూలన్నీ తెంపేసి మొగ్గలు మాత్రం ఉంచు, పేడనీళ్ళు పొయ్యి, పది పన్నెండు రోజుల్లో దీనికి రెట్టింపు పూస్తుంది అన్నాను. మా నర్సరీలో మొక్క లారీ ఎక్కే ముందు ఉన్న పూలు గిల్లేస్తామని, పువ్వు మాకు లెక్కలోది కాదని, మొక్కే సరుకని చెప్పాను. బాలమణి అన్నీ వింది.

"తెంపద్దని మేడం జెప్పింది అక్క," అంది.

మేడం అంటే తోట మేనేజరు. ఆమెకేం తెలుసన్నాను. ఆ మాట గట్టిగానే అన్నాను.

సాయంత్రం వెళ్ళేటప్పుడు చెరువు దగ్గర బండి మీద చేప వేయించుకుని తిన్నాను. అప్పటికప్పుడు కోసి, కారం పట్టించి, నూనెలో వేస్తారు. గోదావరి చేపల ముందు చెరువు చేపేమిటని కొంచెం చిన్నచూపుతోనే కూర్చున్నాను. రెండో ముక్కకు కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు. వేయించే ఆవిడ ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క ఇటు జరిపింది. ఇంకో రెండు ముక్కలు వేయించుకున్నాను.

రావల్కోల్

శుక్రవారం బాలమణికి మధ్యాహ్నం వరకే పని. నేను మళ్ళీ తోటకు వెళ్ళి ఆవిడ మడి దగ్గరే చేరాను. రొట్టె తిని పోదువు రా అక్క అని రావల్కోల్ తీసుకెళ్ళింది. రెండు గదుల రేకుల ఇల్లు. భర్త పోయి చాలా ఏళ్ళయిందట. వేడి వేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు. పుంటికూర అంటే ఏమిటోనని చూస్తే మన గోంగూరే. మా దగ్గర దాంతో పచ్చడి చేసి గొప్పలు చెప్పుకుంటాం గానీ, పప్పులో ఆ పులుపు జొన్నరొట్టెకు అంటుకుంటే వచ్చే రుచి మాకు తెలియదు. మూడు రొట్టెలు తిన్నాను. నాలుగోది వద్దనలేదు.

తిన్నాక ఆమె పూలచేను చూపించమన్నాను. ఇప్పుడు లేదంది. ఎక్కడుండేదో అదైనా చూపించమని పట్టుబట్టాను. పట్టుబడితే వదలను, అది నా గుణం.

ఊరి చివర ఎకరం చెక్క. ఆమె సొంతం కాదు, కౌలు. ఇరవై ఏళ్ళకు పైగా బంతి, చామంతి వేసింది. ఆసామి అమ్మేశాడు. ఇప్పుడక్కడ మట్టిరోడ్లు, సగం తెలుపు సగం పసుపు రంగేసిన ప్లాట్ల రాళ్ళు. ఒక రాయి మొదట్లో ఎప్పటి విత్తనం పడిందో, ఒకే ఒక్క బంతిమొక్క లేచి నాలుగు పూలు పూసింది. బాలమణి వంగి నాలుగూ తెంపింది. ఆలోచించి తెంపలేదు, జారిన కొంగు సర్దుకున్నట్టు తెంపింది. పూలు పొద్దెక్కకముందే తెంపాలని, తెల్లారి మూడింటికే లేచి తలకు లైటు కట్టుకుని చేలో దిగేవాళ్ళమని, ఇన్నేళ్ళలో ఒక్క పువ్వును చెట్టు మీద ఎండనివ్వలేదని చెప్పింది. చెబుతున్నంతసేపూ రాళ్ళ వైపు చూడలేదు.

ఆమెకు ఒక్కతే కూతురు. గాజులరామారంలో ఉంటుంది. అమ్మా, నా దగ్గరకు వచ్చెయ్, మా పక్కన సీసాలు నింపే కంపెనీలో పని ఇప్పిస్తానంటోందట. ఈ తోటలో ఉగాదితో పండుగ అయిపోతుంది. అప్పుడు పనివాళ్ళలో ఇద్దరినే నెల జీతం మీద ఉంచుకుంటారు. ఆ ఇద్దరిలో ఒకరు కావాలన్నది బాలమణి ఆశ.

"నాకు మన్నుల పనే కావాలె అక్క," అంది. "కూసోని సీసలకు మూతలు వెట్టుడు నాతోని కాదు. బిడ్డ బతిలాడుతాంది. ఈడ ఉంచుకోకుంటే ఇగ పోవుడే."

 అయినా నేను నేనే కదా. దారిలో మళ్ళీ అందుకున్నాను. ఆ ముదురు పూలు తెంపు, మడి బాగుపడితే నీ పేరు నిలబడుతుందని బస్సు వచ్చేదాకా చెప్పాను.

శనివారం పొద్దున

శనివారం జనం ఎక్కువుంటారని ఎండెక్కకముందే వెళ్ళాను. ఈసారి వరలక్ష్మి కాగితం చూసుకునే బస్సెక్కాను. గేటు ఇంకా తీయలేదు. మూడు రోజులుగా చూస్తున్న మొహం కాబట్టి కాపలావాడు లోపలికి పోనిచ్చాడు.

గుండ్రటి మడి పచ్చగా ఉంది. ఆకుపచ్చగా. ఒక్క పువ్వు లేదు. గట్టు మీద అయిదు గంపల నిండా బంతిపూలు కుదురుగా పోసి, తడిగుడ్డ కప్పి ఉన్నాయి, మార్కెట్టు బండి కోసం చూస్తున్నట్టు. ముదిరినవే కాదు, విచ్చిన ప్రతి పువ్వూ తెంపింది. మొగ్గలకు మాత్రం గోరు తగల్లేదు. అంత శుభ్రమైన కోత నేను ఎక్కడా చూడలేదు గానీ, అది మెచ్చుకునే సమయం కాదు.

మేనేజరు సునీత అప్పటికే అక్కడుంది. నలభై ఏళ్ళ మనిషి, గొంతు పెంచే రకం కాదు. ఎవరు తెంపమన్నారని అడుగుతోంది. బాలమణి తల వంచుకుని నిలబడింది.   ఇక నువ్వు రేపటి నుంచి రావద్దు అంది సునీత.

 నేను తెంపమన్నది ముదిరినవి కదా, మడంతా ఊడ్చెయ్యమన్నానా అని ఒక మనసు. విచ్చిన పూలన్నీ తెంపెయ్యమని గురువారం నా నోటితోనే అన్నానని ఇంకో మనసు. అక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. వెనక్కి తిరిగి నెమలి బొమ్మ దగ్గరకు వెళ్ళి ఫొటో తీసుకున్నా అడిగేవాళ్ళు లేరు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక అడుగు అటు వేశాను కూడా. బాలమణి పసుపు వేళ్ళు కనపడ్డాయి. వెనక్కి వచ్చాను.

"తెంపమన్నది నేనండి," అన్నాను. "ఆవిడ తప్పేం లేదు. రెండు రోజుల్నించీ చెవిలో పోరింది నేను."

మీరెవరంది. కడియం అని చెప్పాను, నర్సరీ అని చెప్పాను, ముప్పయ్యేళ్ళ అనుభవం అన్నాను. ఆమె మొహం ఏమాత్రం మారలేదు. శనాదివారాలు వచ్చే జనానికి గేటు దగ్గర ఆకులు చూపించాలా అంది.  మడి చుట్టూ తిరిగి మొగ్గలు చూపించాను. ఇవన్నీ పన్నెండు రోజుల్లో ఒక్కసారి విచ్చుకుంటాయి, మిగతా మడులు ఎండకు వాడిపోయే వేళకు ఇదొక్కటే నిలబడుతుంది, పూయకపోతే నన్ను అడగండి అని మా నర్సరీ నంబరు రాసిచ్చాను. 

సునీత చాలాసేపు మొగ్గల్ని చూసింది.

"ఉగాది దాక సూస్త," అంది. "మడి పూస్తె ఈమె ఉంటది. పూయకపోతె లేదు. మీ మాట మీద ఉంచుతున్న."

బాలమణి అప్పుడు తల ఎత్తి నా వైపు చూసింది. కృతజ్ఞత అనుకున్నాను.

గేటు దగ్గర

గంపలు మిగిలాయి. వీటితో ఇక్కడే పెద్ద బతుకమ్మ పేర్చుదాం, జనం అదే ఫొటో తీసుకుంటారు అన్నాను. గొప్ప ఉపాయం అనుకున్నాను. బాలమణి నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసి, అది పెత్రమాసకు, అంటే మహాలయ అమావాస్యకు మొదలుపెట్టే పండుగని, దసరా ముందు గౌరమ్మను పిలిచి పేరుస్తారని, వేసంగిలో ఆటకు చేసేది కాదని మెల్లగా చెప్పింది. మా సంక్రాంతి గొబ్బెమ్మల్ని ఎవరైనా శ్రావణంలో పెట్టమంటే నేనూ అలాగే చూసేదాన్ని. 

ఆ తర్వాత ఏమీ అడక్కుండా ఆమే ఒక గంప ఎత్తుకుని గేటు దగ్గరకు నడిచింది. మొదట వచ్చిన ఇల్లాలి చేతిలో ఒక పువ్వు పెట్టింది. ఆవిడ బోర్డు వైపు చూసి, ముట్టొచ్చా అంది. నీదే, తీసుకో అంది బాలమణి. నేను రెండో గంప పట్టుకుని ఇటు పక్క నిలబడ్డాను. సునీత కాసేపు చూసి వెళ్ళిపోయింది.

సాయంత్రం దాకా పంచాం. మొన్న చేతులు వెనక్కి కట్టుకున్న జనమే ఈరోజు దోసిలి పట్టారు. ఒకాయన కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు కొందరు జడలో తురుముకున్నారు. మా వైపు బంతి గుమ్మానికే గానీ తలకు పెట్టరంటే, ఇక్కడ మాత్రం ఎవరు పెడతారు, ఊకె ఇచ్చిండ్రని పెడుతున్నరు అని బాలమణి నవ్వింది. అన్ని రోజుల్లో ఆమె నవ్వడం అప్పుడే చూశాను. చీకటి పడేలోగా అయిదు గంపలూ ఖాళీ. బయటకు వచ్చి చూస్తే బైకుల హ్యాండిళ్ళకు, ఆటోల అద్దాలకు, కార్ల లోపల దేవుడి బొమ్మల ముందు బంతిపూలు. నేను తిరిగిన మూడు రోజుల్లో తోట అంత అందంగా కనపడింది పార్కింగులోనే.

వెళ్ళేముందు పేడనీళ్ళు ఎంత పలచగా కలపాలో, ఏ పూట పొయ్యాలో బాలమణికి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తల ఊపింది.

పన్నెండో రోజు

ఇంటికి వచ్చి ఊరుకున్నానా? కడియంలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను. నా మాట విని ఒకావిడ మడంతా తెంపింది, నేను అడ్డం నిలబడి పని నిలబెట్టాను, చూస్తూ ఉండండి ఎలా పూస్తుందో అన్నాను. మా ఆయనకు రోజూ చెప్పాను. పైకి అలా ఉన్నా, రోజూ తెల్లారి మా బంతిమొక్కల దగ్గరకు వెళ్ళి మొగ్గ ఎంత ఎదిగిందో చూసేదాన్ని. అక్కడ ఎండ ఎక్కువైతే? మొగ్గలు మాడితే? ఒక మనిషి బతుకు నా నోటి దురద మీద వేలాడుతోందని తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

ఉగాది పొద్దున వేపపువ్వు దూస్తుంటే ఫోను మోగింది.

"పూసినయ్ అక్క. మస్తు పూసినయ్. ఆకు కానొస్తలేదు," అంది బాలమణి. "ఉండమన్నది మేడం. నెల జీతం."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చెప్పానా లేదా, నా మాట వినడం మంచిదైందా లేదా అన్నాను. 

"నీకు అబద్ధం ఎందుకు జెప్పాలె అక్క. నీ మాట నాకు యాదికే లేదు. నువ్వు చేను సూపెట్టమంటివి. ఆడికెల్లి వచ్చినంక నిద్ర పట్టలే. పొద్దుగాల నీళ్ళు కడుదామని మడి కాడికి పోతే, గన్ని పూలు చెట్టు మీదనే ఎండవట్టినయ్. చేతులు ఆగలే. మడి అయిపోయినంక సోయికొచ్చింది." అంది బాలమణి. "నువ్వొచ్చి నీ మీద ఏసుకుంటివి. ఊకున్న. తప్పా అక్క?"

తప్పు కాదన్నాను.  వచ్చే ఏడు మళ్ళీ రమ్మంది, ఈసారి మేడ్చల్లో దిగొద్దంది.

ఫోను పెట్టేసరికి మా ఆయన గుమ్మంలో ఉన్నారు. ఏమంటోంది మీ శిష్యురాలు అని అడిగారు. బ్రహ్మాండంగా పూసిందట అన్నాను. మిగతాది ఆయన ఇందులోనే చదువుకుంటారు.